దారి తప్పిన తేనెటీగ

నిజామాబాదు నుండి బోధనుకు వెళ్ళే దారిలో ఎడపల్లి ఉంది. దారికి ఇరువైపులా కనుచూపు మేర వరిమళ్ళు. నడుమ నడుమ చెరకు తోటలు, పసుపు చేలు. నిజాంసాగరు కాలువలు, ఊరి చెంతనున్న అలీసాగరు జలాశయం ఈ నేలకు పచ్చదనాన్ని ప్రసాదించాయి. 1937లో బోధనులో వెలసిన నిజాం చక్కెర కర్మాగారం ఈ ప్రాంతానికి పేరు తెచ్చింది. 2015లో అది మూతపడిన తరువాత చెరకు వెనుకకు తగ్గి వరి ముందుకు వచ్చింది. పంటలు మారినా మారని అలవాటు ఒకటున్నది. పైరు మీద పురుగు కనబడగానే రైతు మందుల దుకాణానికి వెళతాడు. మరునాటి ఉదయానికి పంపు భుజానికెత్తుకుంటాడు.

ఇదే పల్లెలలో పెరటి పందిరి మీద గుమ్మడి పాదును పాకించడం ఆచారం. పాదు నిండా పసుపుపచ్చని పూలు పూస్తాయి. కొన్ని పూల అడుగున చిన్న పిందె కూడా కనబడుతుంది. అయితే ఒక్కొక్కసారి నాలుగు రోజులు గడవకముందే ఆ పిందె వన్నె తగ్గి, మెత్తబడి రాలిపోతుంది. ఇంటివారు దిష్టి తగిలిందంటారు. ఇరుగుపొరుగువారు నీరు ఎక్కువైందనో, ఎండ ముదిరిందనో చెబుతారు. గుమ్మడిలో మగపూవు వేరు, ఆడపూవు వేరు. ఒకదాని పుప్పొడిని రెండవదానికి చేర్చే తేనెటీగ రాకపోతే పిందె నిలవదు. పిందె రాలడానికి కారణాలు అనేకం ఉండవచ్చు. కానీ, తేనెటీగ రాలేదేమో అన్న సందేహం మాత్రం మనకు కలగదు. ఆ సందేహాన్ని వృత్తిగా స్వీకరించి, దానికి సమాధానం వెతకడంలో జీవితాలను వెచ్చించిన శాస్త్రజ్ఞులు ఉన్నారు. వారి కృషి మన పొలాలకు, మన పెరళ్ళకు, మన భవిష్యత్తుకు ఎంత అవసరమో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన భాషలో ఒక విచిత్రం ఉంది. పురుగును చంపే విషాన్ని మనం 'మందు' అంటాం. పైరుకు రోగం వచ్చిందనీ, దానికి మందు వేస్తున్నామనీ భావిస్తాం. రైతు దృష్టిలో ఈ మాట తప్పు కాదు. అయితే మందు అన్న పేరు ఆ ద్రవంలోని విషగుణాన్ని మన మనస్సు నుండి మరుగుపరుస్తుంది. పంటకు మందైనది ఆ పంట మీద వాలిన తేనెటీగకు, గట్టు మీద గింజలేరుకొనే పావురానికి, మడిలో చేపను పట్టే కొంగకు ఏమవుతుందన్న ప్రశ్న అక్కడే ఆగిపోతుంది.

ఒక రసాయనం ఎంతటి విషమో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు చాలాకాలంగా ఒక కొలతను వాడుతున్నారు. పరీక్షకు తీసుకున్న ప్రాణులలో సగం చనిపోవడానికి ఎంత మోతాదు కావాలో లెక్కిస్తారు. ఆ మోతాదు ఎంత తక్కువైతే విషం అంత తీవ్రమైనదన్నమాట. ఈ కొలత అవసరమైనదే. కానీ ఇది చచ్చిన వాటిని మాత్రమే లెక్కిస్తుంది. చావకుండా మిగిలిన సగం ఆరోగ్యంగా ఉన్నాయా? అవి గూటికి చేరుకున్నాయా? వాటికి పిల్లలు కలిగాయా? ఈ ప్రశ్నలకు ఆ లెక్కలో చోటు లేదు. చావును లెక్కించడం సులభం; బ్రతుకు చెడిపోవడాన్ని లెక్కించడం కష్టం. ఆ కష్టమైన లెక్కకు పూనుకొన్నవారి చరిత్రే పురుగుమందుల మీద జరిగిన పరిశోధనల చరిత్ర.

మొదట మన దేశంలోని ఒక ఉదంతాన్ని చూద్దాం. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ వద్ద కేవలాదేవ్ జాతీయ ఉద్యానవనం ఉంది. అది పక్షులకు పేరుపొందిన ఆశ్రయం. 1987 - 1990 సంవత్సరాల మధ్య అక్కడ 18 సారస పక్షులు మరణించాయి. వాటితో పాటు గింజలు తినే గువ్వలు కూడా నేలరాలాయి. ఉద్యానవనం లోపల ఎవరూ విషం చల్లలేదు. ఎస్. మురళీధరన్ అనే పరిశోధకుడు ఆ పక్షుల కళేబరాలను పరీక్షించి, వాటిలో ఆల్డ్రిన్ అనే పురుగుమందు అవశేషాలున్నట్లు కనుగొన్నారు. చుట్టుపక్కల పొలాలలో వాడిన ఆ మందును గింజలతో పాటు పక్షులు మింగాయి. కంచె మనుషులకే గాని విషానికి అడ్డు కాదని ఈ ఉదంతం నిరూపించింది. మురళీధరన్ తరువాత కోయంబత్తూరు సమీపంలోని సలీం అలీ పక్షి పరిశోధన కేంద్రంలో చేరి, పక్షుల శరీరాలలో చేరే విషరసాయనాల అధ్యయనానికే తన ఉద్యోగ జీవితాన్ని అంకితం చేశారు. చచ్చిన పక్షిని చూసి జాలిపడేవారు అనేకులు. దానిని ప్రయోగశాలకు చేర్చి, ఎందుకు చచ్చిందో అడిగేవారు కొందరే. ఆల్డ్రిన్ వాడకం తరువాతి కాలంలో మన దేశంలో నిషేధింపబడింది.

భరత్‌పూర్‌లో కనీసం కళేబరాలు సాక్ష్యంగా నిలిచాయి. కళేబరమే లేనిచోట సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? ఇంగ్లండుకు చెందిన డెరెక్ రాట్‌క్లిఫ్ ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాడు. 1960 ప్రాంతంలో అక్కడి పందెపు పావురాల పెంపకందారులు, పెరిగ్రిన్ డేగలు ఎక్కువై తమ పావురాలను తినివేస్తున్నాయని ఫిర్యాదు చేశారు. నిజానిజాలు తేల్చడానికి డేగలను లెక్కించే పని రాట్‌క్లిఫ్‌కు అప్పగింపబడింది. లెక్క పూర్తయ్యేసరికి వ్యవహారం తలక్రిందులైంది. డేగలు పెరగలేదు, వేగంగా తరిగిపోతున్నాయి. గూళ్ళలో గుడ్లు పగిలి కనిపించాయి. అప్పుడతడు పాత గుడ్ల సేకరణలను వెదకి, ఏనాటివో అయిన గుడ్ల పెంకులను తూచి చూశాడు. 1947 ప్రాంతం నుండి పెంకులు పలుచనయ్యాయని తేలింది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం డి.డి.టి. విరివిగా వాడుకలోకి వచ్చిన కాలమది. ఈ ఫలితాలను అతడు 1967లో ప్రకటించాడు. తల్లిడేగ చావలేదు. అది గుడ్లు పెట్టింది, పొదిగింది. కానీ పొదిగే తల్లి బరువుకే గుడ్డు పగిలిపోయింది. విషం పని చేసింది ఆ తల్లి ప్రాణం మీద కాదు, దాని సంతానం మీద.

ఇక తేనెటీగ విషయానికి వద్దాం. తేనెటీగ బ్రతుకంతా జ్ఞాపకం మీద ఆధారపడి ఉంటుంది. ఉదయం గూటి నుండి బయలుదేరి, కిలోమీటర్ల దూరం ఎగిరి, పూవును గుర్తించి, మకరందంతో మళ్ళీ అదే గూటికి చేరుకోవాలి. చేరిన తరువాత ఒక నాట్యం ద్వారా పూలు ఏ దిక్కున, ఎంత దూరాన ఉన్నాయో తోటివారికి తెలియజేస్తుంది. ఈ నాట్య భాషను చదివిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి మరి ఇద్దరితో కలిసి లభించింది. దిక్కును గుర్తుంచుకోలేని తేనెటీగ, ప్రాణంతో ఉన్నా, తన గూటికి లేనట్లే.

1990వ దశకం నుండి నియోనికోటినాయిడ్లు అనే కొత్త తరగతి పురుగుమందులు ప్రపంచమంతటా వ్యాపించాయి. మన రైతులకు సుపరిచితమైన ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ ఈ తరగతివే. ఇవి పురుగు నాడీమండలం మీద పనిచేస్తాయి. మొక్క లోపలికి ఇంకి, పుప్పొడిలోను మకరందంలోను కూడా కొద్దిగా చేరతాయి. 2012లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుల బృందమొకటి తేనెటీగల వీపున అతి చిన్న గుర్తింపు బిళ్ళలను అతికించి, వాటికి చావు కలిగించనంత స్వల్ప మోతాదులో థయామెథాక్సామ్ ఇచ్చి, గూటికి దూరంగా విడిచిపెట్టింది. మందు తగలని ఈగలతో పోలిస్తే మందు తగిలినవాటిలో తిరిగి రానివి గణనీయంగా ఎక్కువ. అదే సంవత్సరం బ్రిటనులో జరిగిన మరొక పరిశోధనలో, ఇమిడాక్లోప్రిడ్ సోకిన తుమ్మెదజాతి ఈగల గూళ్ళలో కొత్త రాణుల పుట్టుక సుమారు 85 శాతం తగ్గింది. మన దేశంలో కలకత్తా విశ్వవిద్యాలయానికి చెందిన పార్థిబ్ బసు బృందం తూర్పు భారతంలో పురుగుమందులు అధికంగా వాడే పొలాలలోని పుట్ట తేనెటీగలను పరీక్షించింది. వాటికి వాసనలను పసిగట్టే శక్తి సన్నగిల్లిందని 2015లో వెల్లడించింది. పూవు అక్కడే ఉంది. ఈగ ప్రాణంతోనే ఉంది. కానీ పరిమళానికి, ఈగకు నడుమనున్న దారి తెగిపోయింది.

సారసపక్షి ప్రాణాన్ని, డేగ సంతానాన్ని, తేనెటీగ జ్ఞాపకాన్ని కోల్పోయాయి. ఒక్కొక్క మెట్టు దాటినకొద్దీ నష్టం కంటికి మరింత కనబడకుండా పోయింది. దానిని చూడడానికి మరింత ఓర్పు గల కన్ను అవసరమైంది. అందుచేతనే శాస్త్రజ్ఞుని వృత్తిని నేను కేవలం ఉద్యోగంగా భావించను. లోకం చూడని నష్టానికి లోకం తరఫున సాక్షిగా నిలవడం ఆ వృత్తి ధర్మం.

అయితే సాక్షి మాట ఎప్పుడూ వెంటనే చెల్లదు. అమెరికాలో రేచెల్ కార్సన్ అనే జీవశాస్త్రవేత్త 1936 నుండి 1952 వరకు ప్రభుత్వ మత్స్య, వన్యప్రాణి శాఖలో పనిచేసింది. డి.డి.టి. వన్యప్రాణులకు చేస్తున్న హానిని పరిశీలిస్తున్న శాస్త్రజ్ఞుల నివేదికలు ఆమె దృష్టికి వచ్చాయి. 1945లోనే ఈ విషయమై వ్యాసం వ్రాస్తానని ఆమె ఒక ప్రసిద్ధ పత్రికను కోరగా, ఆ పత్రిక నిరాకరించింది. ఆమె గ్రంథం 1962లో వెలువడింది. అప్పటికి 17 సంవత్సరాలు గడిచిపోయాయి. రసాయన పరిశ్రమ ఆమె మీద విరుచుకుపడింది. ఆమె స్త్రీ కావడాన్ని సైతం ఆక్షేపణగా వాడుకొన్నారు. 1963లో అధ్యక్షుని శాస్త్ర సలహా సంఘం ఆమె హెచ్చరికలను సమర్థించింది. 1964లో ఆమె రొమ్ము క్యాన్సరుతో మరణించింది. అమెరికాలో డి.డి.టి. వ్యవసాయ వినియోగం 1972లో నిషేధింపబడింది. మన దేశంలో అది 1989లో జరిగింది. సాక్ష్యానికి, తీర్పుకు నడుమ గడచిన కాలంలో ఎన్ని గూళ్ళు ఖాళీ అయ్యాయో ఎవరు చెప్పగలరు?

ఈ వాదానికి ఎదురువాదం లేకపోలేదు. దానిని గౌరవంతో వినాలి. డి.డి.టి.కి కీటకాలను చంపే గుణం ఉన్నదని కనుగొన్న పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి లభించింది. దోమలను చంపి ఆ మందు లక్షలాది ప్రజలను మలేరియా నుండి కాపాడింది. పంట చేతికందకపోతే అప్పు తీరని రైతుకు తేనెటీగల సంగతి చెప్పడం సులభమే. కానీ ఆ ఏటి కిస్తు కట్టవలసినవాడు అతడే. తేనెటీగల క్షీణతకు పురుగుమందు ఒక్కటే కారణం కాదన్నది కూడా నిజం. పరాన్నజీవి పేలు, వ్యాధులు, పూలు లేని బీళ్ళు, మారుతున్న వాతావరణం కూడా వాటిని కుంగదీస్తున్నాయి. కార్సన్ సైతం రసాయనాలన్నిటినీ పూర్తిగా మానివేయమని కోరలేదు. విచక్షణ లేని వాడకాన్నే ఆమె ఖండించింది.

కనుక వివాదం మందు కావాలా, తేనెటీగ కావాలా అన్నది కాదు. నిజం తేలని దశలో ఆ సంశయఫలం ఎవరికి దక్కాలన్నదే అసలు వివాదం. న్యాయస్థానంలో నేరం రుజువు కానంతవరకు ముద్దాయికి సంశయఫలం లభిస్తుంది. అది మనిషి విషయంలో ధర్మం. అదే ధర్మాన్ని మనం సీసాలోని విషానికి కూడా వర్తింపజేస్తున్నాం. హాని రుజువయ్యేవరకు మందు నిర్దోషిగా దుకాణంలో ఉంటుంది. రుజువు తెచ్చే భారం నోరులేని తేనెటీగ మీద పడుతుంది. ఐరోపా సమాఖ్య 2013లో మూడు నియోనికోటినాయిడ్ల వాడకాన్ని తేనెటీగలను ఆకర్షించే పంటల మీద పరిమితం చేసి, 2018లో ఆరుబయట వాడకాన్ని పూర్తిగా నిషేధించింది. ఈ నిర్ణయం రైతుకు ఇబ్బంది కలిగించలేదని నేననను. సంశయఫలాన్ని ప్రాణికి ఇచ్చిన నిర్ణయంగా దానిని నేను సమర్థిస్తాను.

మళ్ళీ ఎడపల్లికి వద్దాం. ఇక్కడ ఈ సమస్య ఒక ప్రత్యేక రూపం ధరించింది. మన ప్రాంతపు ప్రధాన పంటలు వరి, చెరకు, పసుపు. వరి స్వపరాగ సంపర్కంతో, గాలితో గింజ కడుతుంది. చెరకును ముచ్చెలతో, పసుపును కొమ్ములతో నాటుతాము. ఈ మూడింటిలో దేనికీ తేనెటీగ అక్కర లేదు. రేపు ఉదయం తేనెటీగలన్నీ మాయమైనా మన ధాన్యపు దిగుబడిలో ఒక్క బస్తా తగ్గదు. అందుచేత వాటి లోటు మన లెక్కల పుస్తకంలో ఎన్నడూ కనబడదు. కానీ గుమ్మడి, దోస, కాకర, పొద్దుతిరుగుడు, నువ్వు తేనెటీగ కోసం ఎదురుచూస్తూనే ఉంటాయి. వాటి నష్టం ధాన్యం కొనుగోలు కేంద్రంలో నమోదు కాదు. పెరటిలో రాలిన పిందెగా మాత్రమే కనబడుతుంది. అవసరం లేనివాడికి అపకారం కనబడదు. అన్నం పెట్టే పంట ఒకటి, దెబ్బ తినే పంట మరొకటి కావడమే మన అజాగ్రత్తకు మూలం.

వరికి తేనెటీగ అక్కర లేకపోయినా తేనెటీగకు వరితో పని ఉంది. ఉదయపు పొద్దెక్కిన వేళ వరి వెన్ను విచ్చుకొన్నప్పుడు పుప్పొడి కోసం అవి మడిలోకి వస్తాయి. సరిగా ఆ వేళలోనే మనం పిచికారీ చేస్తే జరిగేదేమిటో ఊహించడం కష్టం కాదు.

వరిమడిలో మరికొందరు మూగ సేవకులున్నారు. సాలీడు, మిరిడ్ నల్లి, అక్షింతల పురుగు సుడిదోమను తిని పైరును కాపాడతాయి. విచక్షణ లేకుండా మందు కొట్టినప్పుడు మొదట నశించేది ఈ సేవకులే. ఆ తరువాత సుడిదోమ రెట్టింపు బలంతో తిరిగి వస్తుంది. ఇండొనీషియా ప్రభుత్వం ఈ సత్యాన్ని గ్రహించి 1986లో వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది. పంట నాశనం కాలేదు. మన చెరకు రైతులకు కూడా ఈ పాఠం కొత్తది కాదు. కాండం తొలిచే పురుగు గుడ్లను నాశనం చేసే ట్రైకోగ్రామా కార్డులను చెరకు తోటలలో కట్టడం వారు ఎరిగిన పద్ధతే.

మన తెలుగునేల మీదనే మరొక నిదర్శనం ఉంది. ఖమ్మం ప్రాంతంలోని పునుకుల గ్రామ రైతులు పత్తి, మిరప పంటల మీద మందుల ఖర్చుతో అప్పులపాలై, క్రమంగా వేపగింజల కషాయం, ఎరపంటలు, లింగాకర్షక బుట్టల వైపు మళ్ళారు. తరువాత తమ ఊరు పురుగుమందులు లేని గ్రామమని ప్రకటించుకొన్నారు. జి.వి. రామాంజనేయులు భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన సంస్థలో శాస్త్రజ్ఞునిగా పనిచేసి, ఆ ఉద్యోగాన్ని విడిచి, 2004లో హైదరాబాదులో సుస్థిర వ్యవసాయ కేంద్రాన్ని ప్రారంభించి ఇటువంటి పద్ధతుల వ్యాప్తికి కృషి చేశారు. ప్రయోగశాలలో తేలిన సత్యం పొలంగట్టుకు చేరడానికి ఇటువంటి వారధులు కావాలి.

విషం తేనెటీగతోనే ఆగిపోతుందని భావించడం కూడా పొరపాటు. 2017లో మన పొరుగున ఉన్న మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో పత్తిచేలకు మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు మరణించారు. తేనెటీగ మనకంటే చిన్న ప్రాణి కనుక దానికి ముందు తగిలింది. అంతే తేడా.

ఇక కర్తవ్యం ఏమిటి? పూత సమయంలో మందు కొట్టకపోవడం. తప్పనిసరియైతే తేనెటీగలు గూటికి చేరిన సాయంకాలం కొట్టడం. పురుగు సంఖ్యను లెక్కించిన తరువాతనే మందు తలపెట్టడం. చెప్పిన మోతాదును మించకపోవడం. పొలంగట్టు మీద నాలుగు పూలమొక్కలను బ్రతకనివ్వడం. ఇవి రైతు చేయగలిగినవి. మందును అమ్మేవాడే సలహాదారుడు కాకుండా చూడడం, స్వతంత్రమైన పరిశోధనకు నిధులివ్వడం, అప్రియమైన సత్యాన్ని చెప్పిన శాస్త్రజ్ఞునికి రక్షణ కల్పించడం ప్రభుత్వం చేయవలసినవి.

విద్యార్థులు చేయగలిగినది కూడా ఒకటున్నది. రాట్‌క్లిఫ్ తూచిన పాత గుడ్లను సేకరించినవారు శాస్త్రజ్ఞులు కారు. సరదా కోసం సేకరించి, ఏ గుడ్డు ఏ సంవత్సరానిదో, ఏ చోటిదో జాగ్రత్తగా వ్రాసిపెట్టుకొన్న సామాన్యులు వారిలో ఎక్కువ. తమ సేకరణ ఏనాటికైనా ఒక విషానికి వ్యతిరేకంగా సాక్ష్యమవుతుందని వారికి తెలియదు. తేదీ వేసి ఉండడమే ఆ గుడ్లకు విలువ తెచ్చింది. మీ పెరటిలోని గుమ్మడి పాదు వద్ద ప్రతి వారం ఒక ఉదయం పది నిమిషాలు నిలబడండి. ఎన్ని తేనెటీగలు వాలాయో, ఎన్ని పిందెలు నిలిచాయో, ఎన్ని రాలాయో తేదీతో సహా ఒక పుస్తకంలో వ్రాయండి. ముప్పై ఏళ్ళ తరువాత ఎడపల్లి ప్రాంతంలో తేనెటీగలు ఉండేవా అని ఎవరైనా అడిగితే సమాధానం చెప్పడానికి ఆ పుస్తకం తప్ప మరొకటి ఉండకపోవచ్చు.

పిందె రాలిన ఉదయం దిష్టి తీయడం మన ఆచారం. ఆ ఆచారాన్ని మానమని నేను చెప్పను. దిష్టి తీసిన తరువాత, ఈ పూవు మీద నిన్న తేనెటీగ వాలిందా అని ఒక్కసారి అడగండి. ఆ ప్రశ్నతోనే శాస్త్రజ్ఞుని జీవితం మొదలవుతుంది.